డిసెంబరు ఐదా... మే పన్నెండా?

పేరుకి ముప్ఫై గడులు. ఇంటి నంబరు, వీధి, ఊరు కలిపి మూడు వరసలు. తండ్రి పేరో భర్త పేరో రాయడానికి ఇంకో వరస. ఇన్నిటి మధ్య ఓ మూల చిన్న పెట్టె... 'పుట్టిన తేదీ'. మధ్యలో పడే రెండు గీతలతో కలిపి సరిగ్గా పది అక్షరాలు పడితే చాలు దానికి. కంప్యూటరు తెరమీద ఏ దరఖాస్తు చూసినా చిన్న పెట్టెల్లో ఒకటి అదే. జనాన్ని ఎక్కువగా తిప్పలు పెట్టేదీ అదే.

పేరులో అక్షరం తప్పు పడితే చూడగానే తెలిసిపోతుంది. 'సుబ్బారావు'కి బదులు 'సుబ్బరవు' అని ఉంటే నవ్వుకుని దిద్దుతారు. తేదీ అలా కాదు. తప్పు తేదీ కూడా అచ్చం ఒప్పు తేదీలాగే ఉంటుంది మరి! ఏ పాతికేళ్ల తర్వాతో పదవీ విరమణ కాగితాలు కదిలినప్పుడు, పింఛను ఆగినప్పుడు, పాస్‌పోర్టుకి పెట్టుకున్నప్పుడు అది బయటపడుతుంది. అప్పటికి ఆ తేదీని టైపు చేసిన మనిషి ఎక్కడున్నాడో, ఆ ప్రోగ్రాము రాసిన మనిషి ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు.

ముందు ఆ ప్రోగ్రాము రాసిన మనిషి సంగతి చూద్దాం.

1998లో మైక్రోసాఫ్ట్ విజువల్ బేసిక్ ఆరో వెర్షన్‌ను తెచ్చింది. హైదరాబాద్ అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాన్నొకటి తోసుకుంటున్న రోజులవి. మౌసుతో పట్టి లాగి తెరమీద పెట్టెలు పేర్చడం, ఓ బటను అతికించడం, దాని వెనక నాలుగు వాక్యాలు రాయడం... డిగ్రీ చదివిన కుర్రాళ్లు కొన్ని నెలల్లో నేర్చేసుకునేవారు. నర్సింగ్‌హోములు, కాలేజీలు, రైసు మిల్లులు, ఫైనాన్సు ఆఫీసులు... కొత్తగా కంప్యూటరు కొన్న చోటల్లా ఇలాంటి కుర్రాళ్లకు పని దొరికేది. ఆ భాషలో ప్రోగ్రాములు రాసే సాధనానికి మైక్రోసాఫ్ట్ 2008 ఏప్రిల్‌లో మద్దతు ఆపేసింది. అయినా అందులో రాసినవి ఇప్పటి విండోస్‌లోనూ నడుస్తాయి. అన్నం పెడుతున్న ప్రోగ్రామును ఎవరు మాత్రం తీసేస్తారు!

అలాంటి ఓ కుర్రాణ్ని ఊహించుకోండి. కాలేజీవాళ్లు అడ్మిషన్ల ఫారం అడిగారు. పేరు పెట్టె అయింది, చిరునామా పెట్టె అయింది, తేదీ పెట్టె దగ్గరకు వచ్చాడు. ఎవరైనా చెత్త టైపు చేస్తే ఆపాలి కదా? దానికి విజువల్ బేసిక్‌లో ఒకే ఒక్క మాట ఉంది... 'ఇజ్‌డేట్'. పెట్టెలో ఉన్నదాన్ని దానికి చూపించి 'ఇది తేదీయేనా?' అని అడిగితే అవుననో కాదనో చెబుతుంది. 'మంగళగిరి' అని కొడితే కాదంటుంది. '45/45/2005' అని కొడితే కాదంటుంది. '25/12/2005' అంటే అవునంటుంది. ఇంకేం కావాలి? టీ తాగడానికి వెళ్లొచ్చు.

చిక్కంతా ఆ 'అవును'లోనే ఉంది.

మనం రోజు ముందు, నెల తర్వాత రాస్తాం. అమెరికావాళ్లు నెల ముందు, రోజు తర్వాత రాస్తారు. విండోస్ ఎక్కించేటప్పుడు దేశం అడిగిన చోట ఏమీ మార్చకుండా 'నెక్స్ట్, నెక్స్ట్' కొట్టుకుంటూ పోతే చాలా కంప్యూటర్లు అమెరికా పద్ధతిలోనే స్థిరపడిపోయేవి. అలాంటి కంప్యూటర్లో 25/12 అంటే ఇరవై అయిదో నెల. అలాంటి నెల లేదు కాబట్టి తప్పని చెప్పాలి. చెప్పదు! 'ఓహో, ఈయన రోజును ముందు రాశాడన్నమాట' అని తనే సర్దుకుని డిసెంబరు 25గా తీసుకుంటుంది. ఎంత మర్యాద! అదే కంప్యూటర్లో 05/12/2005 అని కొడితే సర్దుకోవాల్సిన అవసరమే దానికి కనపడదు. ఐదో నెల ఉంది, అందులో పన్నెండో తేదీ ఉంది. మే 12 అని రాసేసుకుంటుంది. డిసెంబరులో పుట్టిన పిల్ల మండుటెండల్లో పుట్టినట్టయింది. గంట మోగదు. ఎర్ర అక్షరాలు పడవు.

ఇది ఎప్పుడో ఒకసారి జరిగేది కదా అనిపించొచ్చు. లెక్క వేసి చూడండి. పన్నెండు నెలల్లోనూ మొదటి పన్నెండు రోజులు కలిపితే 144. వాటిలో 1/1, 2/2 లాంటివి ఎటునుంచి చదివినా ఒకటే, అవో పన్నెండు తీసేస్తే 132. అంటే ఏడాదిలో మూడో వంతుకు పైగా రోజులు ఎటు కావాలంటే అటు తిరిగిపోగలవు. ఒకే ఆఫీసులో పక్కపక్క బల్లల మీద రెండు కంప్యూటర్లుండి, ఒకటి మన పద్ధతిలో, ఇంకోటి అమెరికా పద్ధతిలో ఉంటే ఒకే మనిషికి రెండు పుట్టినరోజులు.

మరి కుర్రాడు పరీక్షించుకోలేదా అంటే, పరీక్షించుకునే ఉంటాడు. ప్రోగ్రాము రాసినవాళ్లు తేదీ పెట్టెలో మొట్టమొదట కొట్టి చూసేది ఏమిటో చెప్పనక్కర్లేదు... సొంత పుట్టినరోజు. అది ఏ 23వ తేదీయో అయితే ఈ గొయ్యి వాడికి జన్మలో కనపడదు.

గొయ్యి లోతెంతో సర్కారు ఉద్యోగుల ఇళ్లలో అడిగితే చెబుతారు. పదవీ విరమణ పుట్టిన నెల చివరి రోజున. డిసెంబరు 5న పుట్టిన మనిషి డిసెంబరు 31న ఇంటికి వెళ్లాలి. మే 12 అని పడితే మే 31నే వెళ్లాలి. ఏడు నెలల జీతం! ఒకటో తేదీన పుట్టినవాళ్ల కథ ఇంకా విచిత్రం. వాళ్లు అంతకుముందు నెల ఆఖరికే రిటైరైపోతారు. బడిలో వేసేటప్పుడు పంతులుగారు చేతికొచ్చినట్టు జులై 1 అని రాసిన పుణ్యానికి ఒక నెల జీతం పోయినట్టే. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుంచి 55 ఏళ్లకు దించినప్పుడు వేలాది కుటుంబాలు క్యాలెండరు ముందు కూర్చుని వేళ్లు లెక్కపెట్టుకున్నాయి. ఆ మరుసటి ఏడాదే, 1984లో, ఉద్యోగుల పుట్టిన తేదీ నమోదుకు, మార్పుకు ప్రత్యేకంగా నియమాలు వచ్చాయి. సర్వీసు రిజిస్టరులో ఒకసారి ఎక్కిన తేదీని ఇష్టమొచ్చినప్పుడు మార్చుకోవడానికి వీల్లేకుండా పోయింది. ఎక్కేటప్పుడే సరిగ్గా ఎక్కాలి.

మళ్లీ ఫారం దగ్గరకు వద్దాం. ఫిబ్రవరి 31 అని ఎవరైనా కొడితే? 'లేదు పొమ్మంటుంది' అనుకుంటాం. సంవత్సరాన్ని నాలుగంకెల్లో రాస్తే అలాగే అంటుంది. కానీ హడావుడిలో '31/02/05' అని రెండంకెలతో కొట్టారనుకోండి. రోజు ముందు పెట్టి చూస్తుంది, కుదరదు. నెల ముందు పెట్టి చూస్తుంది, కుదరదు. అక్కడితో ఆగొచ్చుగా? ఆగదు. సంవత్సరం ముందు పెట్టి చూస్తుంది. 1931 ఫిబ్రవరి 5... కుదిరింది! నిన్నగాక మొన్న పుట్టిన పాపాయి స్వాతంత్ర్యం రాకముందే పుట్టినట్టు ముద్ర పడిపోయింది.

దీన్ని తప్పించుకోవడానికి తెలివైనవాళ్లు రోజు, నెల, సంవత్సరం మూడు పెట్టెలు పెట్టి, వాటిని 'డేట్‌సీరియల్' అనే మరో పనిముట్టుతో అతికిస్తారు. దాని స్వభావం ఇంకోరకం. 2005, ఫిబ్రవరి, 31 అని ఇస్తే ఫిబ్రవరికి 28 రోజులు తీసుకుని, మిగిలిన మూడింటిని ముందుకు తోసి మార్చి 3 అని చేతిలో పెడుతుంది. తేదీలు కూడటానికి, తీయడానికి చాలా మంచిది. తేదీ ఉందో లేదో చెప్పడానికి మాత్రం పనికిరాదు. అనుభవజ్ఞులు ఓ చిట్కా పాటిస్తారు. అతికించాక వచ్చిన తేదీలోంచి రోజునూ నెలనూ మళ్లీ విడదీసి చూడటం. 31 ఇస్తే 3 తిరిగొచ్చిందా? అయితే ఆ తేదీ లేదన్నమాట. కిరాణా కొట్లో చిల్లర తీసుకుని అక్కడే లెక్కపెట్టుకోవడం లాంటిదిది.

చెవుడు ఉన్న చుట్టం ఒకాయన ఉంటాడు చాలా ఇళ్లలో. వినపడకపోతే 'ఏవిటీ?' అని అడిగే చుట్టంతో ఏ ఇబ్బందీ లేదు. వినపడకపోయినా 'ఊఁ, ఊఁ' అని తలాడించి, తనకు తోచిందేదో అర్థం చేసుకుని, దాన్ని పదిమందికి చెప్పే చుట్టంతోనే కొంపలంటుకుంటాయి. తేదీ పెట్టె వెనక కూర్చున్న ఈ పనిముట్లన్నీ ఆ రెండో రకం. సాయం చేద్దామనే వాటి తాపత్రయం. కానీ పుట్టిన తేదీ విషయంలో ఊహించి సాయం చేసేవాడి కంటే 'అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి' అనేవాడే మేలు.

తర్వాతి కాలంలో వచ్చిన డాట్‌నెట్‌లో ఆ 'అర్థం కాలేదు' అనే పద్ధతిని పెట్టారు. తేదీ ఏ వరసలో ఉండాలో ముందే గీత గీసి చెబితే, ఆ వరసలో లేనిదాన్ని తీసుకోనే తీసుకోదు. బాగుంది. కాకపోతే అక్కడా ఓ సరదా ఉంది. నెలకు ఇంగ్లిషు పెద్ద బడి 'ఎం' రాయాలి. చిన్న బడి 'ఎం' రాస్తే దానర్థం నిమిషాలు! పొరపాటున చిన్నది రాస్తే ఏప్రిల్‌ను తీసుకెళ్లి నిమిషాల ఖాతాలో వేసి, నెల చెప్పలేదు కాబట్టి జనవరి అనుకుంటుంది. కాలేజీలో అందరూ జనవరిలోనే పుడతారు.

రెండంకెల సంవత్సరం గురించి చెప్పుకోకపోతే ఈ కథ పూర్తి కాదు. '72 అంటే 1972 అని మనకు తెలుసు. కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది? ఒక గీత గీసుకుంది. 00 నుంచి 29 వరకూ ఏది కొట్టినా 2000ల్లోకి, 30 నుంచి 99 వరకూ ఏది కొట్టినా 1900ల్లోకి. విజువల్ బేసిక్ పాటించిన లెక్క ఇదే. '28లో పుట్టిన తాతయ్య ఇంకా పుట్టనే లేదని, '30లో పుట్టిన నాయనమ్మ మాత్రం ఉన్నారని దాని తీర్పు. 2023లో వచ్చిన డాట్‌నెట్ 8లో ఈ గీతను 2049కి జరిపారు. గీత జరిగింది గానీ గోల తీరలేదు, ఇప్పుడు '48లో పుట్టినవాళ్లకు ఆ దశ పట్టింది. అమెరికాలోని మిన్నెసోటాలో 1992లో ఓ పెద్దావిడకు కిండర్‌గార్టెన్‌లో చేరమని పిలుపొచ్చిన ఉదంతం అప్పట్లో పత్రికలకెక్కింది. ఆవిడ పుట్టింది '88లో... కాకపోతే 1888లో. నూట నాలుగేళ్ల మామ్మగారు కంప్యూటరుకు నాలుగేళ్ల పిల్లలా కనపడింది.

ఈ రెండంకెల పొదుపే వైటూకే అయి కూర్చుంది. 2000 జనవరి 1 దాటేలోగా పాత కోబాల్ ప్రోగ్రాముల్లో తేదీలన్నీ వెతికి దిద్దాలంటే ప్రపంచమంతా మనుషులు కావాల్సి వచ్చింది. ఆ పని చేతబట్టుకుని విమానమెక్కినవాళ్లలో తెలుగు కుర్రాళ్లు తక్కువేం కాదు. ఇవాళ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మనవల్ని ఆడిస్తున్న కొందరి జీవితాలు ఆ రెండు అంకెల మీద నిలబడ్డవే.

నవ్వుకుంటాంగానీ మన పంచాంగానికీ ఈ జబ్బు ఉంది. తెలుగు సంవత్సరాలు అరవై. 1987 ఉగాదికి మొదలైంది ప్రభవ. 1927లో మొదలైందీ ప్రభవే. 'మా నాన్న ప్రభవలో పుట్టాడు' అంటే ఏ ప్రభవ? రెండంకెలకు నూరేళ్లకోసారి తిరకాసు, మనకు అరవై ఏళ్లకోసారి. అయితే మన పూర్వులు దానికి మందు కూడా కనిపెట్టి వాడారు. కాకతీయుల కాలం శాసనాలైనా, విజయనగర కాలం శాసనాలైనా చూడండి. చాలావాటిలో శక సంవత్సరం అంకె వేసి, పక్కనే ఆ ఏటి పేరు రాసి, మాసం, పక్షం, తిథి, వారం కూడా చెక్కించారు. శిల్పి ఉలి జారి అంకె తప్పు పడినా, మిగతావాటితో సరిపోలదు కాబట్టి దొరికిపోతుంది. శాసనాలు చదివే పండితులు ఇప్పటికీ గణితం వేసి ఆ తిథినాడు ఆ వారం వచ్చిందా అని సరిచూస్తారు. రాతిమీద తేదీని ఇంత జాగ్రత్తగా చెక్కించిన ఊళ్లలోనే, పది అక్షరాల పెట్టె పెట్టి 'ఓకే' అనేస్తున్నాం.

లీపు సంవత్సరం సంగతి కాస్త. మొరార్జీ దేశాయ్ 1896 ఫిబ్రవరి 29న పుట్టారు. ఆయన తేదీని ఫారం ఒప్పుకోవాలి. 1900 ఫిబ్రవరి 29 అంటే ఒప్పుకోకూడదు, ఎందుకంటే నూరుతో భాగించగలిగే ఏడు నాలుగొందలతో కూడా భాగించబడితేనే లీపు. అందుకే ఆయన తర్వాతి పుట్టినరోజు ఎనిమిదేళ్లకు, 1904లో వచ్చింది. లోటస్ 1-2-3 అనే ప్రోగ్రాము 1900ను లీపు అనుకుంది. దాని ఫైళ్లతో పొత్తు చెడకూడదని ఎక్సెల్ కూడా తెలిసి తెలిసి ఆ తప్పును అలాగే ఉంచేసుకుంది. ఇప్పటికీ ఎక్సెల్‌లో ఆ లేని రోజు ఉంది.

ఇక కౌంటరు ఇవతల నిలబడ్డ మనుషుల దగ్గరకు రావాలి. అసలు బాధ వాళ్లదే.

తప్పు తేదీ పడితే ఎప్పుడు చెప్పాలి? కొన్ని ఫారాలు ఒక్కో అంకె కొడుతుంటే ఒక్కోసారి కూత పెడతాయి. మనిషి '1' కొట్టి '2' కొట్టేలోపే 'తప్పు' అంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. కొన్ని ఆఖరున 'సేవ్' నొక్కేవరకూ నోరెత్తవు, అప్పుడు ఇరవై పెట్టెల్లో ఏది తప్పో వెతుక్కోవాలి. మధ్యేమార్గంగా పెట్టె దాటేటప్పుడు సరిచూసే ఏర్పాటు విజువల్ బేసిక్ 6లో ఉంది. కొత్తగా నేర్చినవాళ్లు దాన్ని ఎంత బిగిస్తారంటే, సరైన తేదీ పడేదాకా కర్సరు ఆ పెట్టె దాటదు. సరే, ఫారమే వద్దనుకుని 'క్యాన్సిల్' నొక్కబోతే అదీ నొక్కనివ్వదు. ఆ బటనుకు మినహాయింపు ఇవ్వాలని కుర్రాడికి తట్టలేదు. తేదీ గుర్తురాని ముసలామె ఇవతల, పెట్టెలో ఇరుక్కుపోయిన ఆపరేటరు అవతల, వెనక వరసలో నలభై మంది. అప్పుడు ఆపరేటరు ఏం చేస్తాడు? నోటికొచ్చిన తేదీ ఒకటి కొట్టి బయటపడతాడు. ఫారం సంతోషించింది, మామ్మకు కొత్త పుట్టినరోజు వచ్చింది.

టైపు చేయనివ్వడమే తప్పు, క్యాలెండరు విప్పి చూపిస్తే వేలుపెట్టి ఎంచుకుంటారని ఇంకో మార్గం ఉంది. విండోస్ ఫారాల్లో వాడే ఆ క్యాలెండరు పెట్టె 1753 జనవరి 1 కంటే వెనక్కి వెళ్లదు. అంతకు ముందేడాదే బ్రిటన్ క్యాలెండరు మార్చుకుని సెప్టెంబరు 2 తర్వాత ఏకంగా 14కు దూకింది మరి. అంత వెనక్కి మనకు అక్కర్లేదనుకోండి. కానీ ఆ పెట్టె మామూలుగా తెరుచుకునేది ఇవాళ్టి తేదీతో. చూసుకోకుండా దాటేస్తే డెబ్భై ఏళ్ల మనిషి ఇవాళే పుట్టినట్టు నమోదవుతుంది. రేపటి తేదీ పడినా ఊరుకుంటుంది, హద్దు మనం పెడితే తప్ప. అన్నిటికంటే పెద్ద లోపం ఇంకోటి. దాన్ని ఖాళీగా వదలడానికి ఉండదు. పక్కన టిక్కు పెట్టుకునే చిన్న గడి తగిలిస్తే తప్ప 'తెలియదు' అన్న జవాబుకు అందులో చోటే లేదు.

తెలియనివాళ్లు తక్కువమందా? జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది 1969లో. అంతకుముందు పుట్టినవాళ్లలోనే కాదు, ఆ తర్వాత ఇంటి దగ్గర పుట్టిన వాళ్లలోనూ ఎంతోమందికి కాగితం లేదు. వాళ్ల తేదీలు అమ్మల నోళ్లలో ఉన్నాయి. 'దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు, వరి కోతలప్పుడు' అంటుంది ఒక తల్లి. అంటే 1977 చివర. నిజానికి అది ఎంత మంచి ఆధారం! సంవత్సరం ఉంది, కాలం ఉంది. రోజు లేదంతే. పెట్టె మాత్రం పది అక్షరాలూ కావాలంటుంది. ఆ ఖాళీని ఒకప్పుడు బడిపంతులు పూరించాడు, బడి తెరిచే రోజుకు ఐదేళ్లు నిండేలా. ఆ తర్వాత ఆ పని ప్రోగ్రాములకు వచ్చింది. నెల, రోజు తెలియకపోతే జనవరి 1 అని నింపేసేవి ఎన్నో. ఒకసారి పడ్డాక అది ఊహ అని చెప్పే గుర్తు ఎక్కడా ఉండదు. పక్కవాడి నిజమైన తేదీకీ, దీనికీ తేడా తెలియదు.

ఆధార్ మొదలైనప్పుడు ఈ విషయంలో కొంత నయమనిపించింది. నమోదు పత్రంలో తేదీ కాగితంతో రుజువైందా, మనిషి నోటితో చెప్పిందా అని విడివిడిగా గుర్తుపెట్టే వీలు పెట్టారు. సంవత్సరం మాత్రమే తెలిసినవాళ్లకు సంవత్సరం మాత్రమే అచ్చయిన కార్డులొచ్చాయి. ఆ తర్వాత ఇతర ఫారాలు ఆ కార్డును చూసి మళ్లీ పూర్తి తేదీ అడగడం మొదలుపెట్టాయి, అది వేరే సంగతి. పుట్టిన తేదీ తేల్చడానికి ఆధార్ సరైన ఆధారం కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో చెప్పింది. చట్టాన్ని సవరించి 2023 అక్టోబరు 1 నుంచి పుట్టేవాళ్లకు జనన ధ్రువపత్రమే తేదీకి ఆధారమన్నారు. ఇప్పటి పసివాళ్లకు ఫర్వాలేదు. వాళ్ల అమ్మమ్మలు మాత్రం కౌంటర్ల ముందు ఇంకా నిలబడే ఉన్నారు.

వాళ్లకోసం చేయాల్సింది బ్రహ్మవిద్యేం కాదు. రోజు, నెల, సంవత్సరం విడివిడి గడులు. నెలను అంకెతో కాకుండా 'డిసెంబరు' అని పేరుతో ఎంచుకునే వీలు. అలా చేస్తే ఆ 132 రోజుల తిరకాసు అక్కడికక్కడే చస్తుంది. సంవత్సరానికి నాలుగంకెలు తప్పనిసరి. రోజూ నెలా తెలియకపోతే ఖాళీగా వదిలే స్వేచ్ఛ, 'నోటిమాట' అని గుర్తుపెట్టే గడి. 'ఇన్‌వాలిడ్ డేట్' అని ఇంగ్లిషులో గద్దించే బదులు 'ఈ నెలకు 30 రోజులే ఉన్నాయి' అని తెలుగులో చెప్పే ఒక్క వాక్యం. ఇవన్నీ కలిపినా ఒక రోజు పని. కుర్రాడికి ఆ ఒక్క రోజుకు డబ్బులిచ్చే యజమాని కావాలి, అదీ ఇబ్బంది.

ఇంకొక్కటి చేర్చగలిగితే మరీ మంచిది. టైపు చేసిన తేదీని వెంటనే పక్కన పెద్ద అక్షరాల్లో వారంతో సహా రాసి చూపించడం, శాసనాల్లోలాగా. 05/12/2005 కొడితే 'డిసెంబరు 5, సోమవారం' అని పడాలి. 'మే 12, గురువారం' అని పడితే ఆపరేటరు ఒక్క క్షణం ఆగుతాడు. అంకెలు గుర్తులేనివాళ్లకు కూడా వారం గుర్తుంటుంది. పుట్టిన వారాన్నిబట్టి సోమయ్య, మంగమ్మ, సుక్రమ్మ అని పేర్లు పెట్టుకున్న ఊళ్లు మనకున్నాయి. కాగితంలో ఉన్న తేదీని ఆపరేటరు కొట్టి, తెరను కాస్త ఇటు తిప్పి గట్టిగా చదివాడనుకోండి...

"మామ్మా, పుట్టింది గురువారమేనా?"

"గురువారమేంటి నాయనా! శుక్రవారం పొద్దున దీపాలవేళ పుట్టానని మా అమ్మ చెప్పేది. అందుకేగా లక్ష్మీ అని పెట్టారు."

ఆపరేటరు 'సేవ్' మీదనుంచి చెయ్యి తీసి, కాగితాన్ని మళ్లీ దగ్గరకు లాక్కుని చూస్తాడు. అక్కడున్నది ఒకటో, ఏడో.